క్యాంపింగుకీ పెరటికీ కలిపి ఒకే మడత రంపం: ఏ సైజు తీసుకోవాలి?

గుడారం_గిరి
నా మడత రంపం పోయిన వారం వంగిపోయింది. బ్లేడు సరిగ్గా మధ్యలో మడత పడింది. బల్ల మీద పెట్టి వెనక్కి వంచి చూశా. కంటికి తిన్నగానే కనిపిస్తోంది గానీ కర్రలో దింపితే నాలుగు లాగుళ్లకే కోత పక్కకి పోతోంది. ఇక కొత్తది కొనాల్సిందే.

నాకు రెండు పనులున్నాయి. ఏడాదిలో ఐదారు సార్లు టెంటు వేసుకుని బయట ఉంటాం, అక్కడ మంటకి రాలిన కొమ్మలు కోసుకోవాలి. ఇంటి దగ్గర పెరట్లో చెట్లున్నాయి, వాటి కొమ్మలు ఏడాదికోసారి తీయాలి. పనికొకటి చొప్పున రెండు రంపాలు కొనే ఉద్దేశం లేదు. బ్లేడు పొడవు మిల్లీమీటర్లలో 170 అంటారు, 210 అంటారు, 240 అంటారు, 300 కూడా ఉంది. పెద్ద పళ్ళు, మధ్యరకం, సన్నవి. తిన్నటి బ్లేడు, వంపు బ్లేడు. చదివేకొద్దీ గందరగోళం పెరుగుతోంది. వాడినవాళ్ళు చెప్పండి, ఎక్కడ మొదలుపెట్టి ఆలోచించాలి?

కొండవాలు
కొమ్మల లావు దగ్గర మొదలుపెట్టండి. మీరు కోసేవి ఎంత లావు? కంటి అంచనా వద్దు, టేపు పెట్టి చెప్పండి.

గుడారం_గిరి
ఇప్పుడే వెళ్ళి కొలిచొచ్చా. పెరట్లో చాలావరకు 4 నుంచి 8 సెంటీమీటర్లు. ఒక్క కొమ్మ మాత్రం గోడ మీదికి వాలిపోయింది, అది 13. టెంటు దగ్గర కోసేవి మణికట్టు లావు, ఎప్పుడైనా ఒకటి పిక్క లావు.

పాత_వడ్రంగి
అయితే లెక్క సులువే. కొమ్మ ఎంత లావో బ్లేడు దానికి రెండింతలు ఉండాలి.

ఎందుకంటారా, రంపం పంటికి కొయ్యడం ఒక్కటే పని కాదు. కోసిన పొట్టుని గాడిలోంచి బయటికి మోసుకురావడం కూడా దాని పనే. పంటికీ పంటికీ మధ్య ఖాళీలో పొట్టు కూర్చుంటుంది. ఆ ఖాళీ కర్ర దాటి బయటికొస్తేనే అది రాలుతుంది. 13 సెంటీమీటర్ల కొమ్మలో 17 సెంటీమీటర్ల బ్లేడు పెడితే మీకు దక్కే లాగుడు 4 సెంటీమీటర్లు. మధ్యలో పళ్ళు బయటి వెలుగే చూడవు. పొట్టు లోపలే నలిగి బిగుస్తుంది, బిగిసేసరికి మనం బలం పెడతాం, బలం పెట్టామా బ్లేడు వంగుతుంది.

మీ పాతది ఎంత పొడవు? వంగింది ఏ కొమ్మ మీద?

గుడారం_గిరి
180. వంగింది ఆ 13 సెంటీమీటర్ల కొమ్మ మీదే.

పాత_వడ్రంగి
అదీ సంగతి. రంపాన్ని తిట్టుకోకండి, దాని స్తోమతకి మించిన కొమ్మ అది. 8 సెంటీమీటర్లకి 160 మిల్లీమీటర్ల బ్లేడు చాలు, 13కి 260 కావాలి. ఒకటే కొనాలంటే 240 దగ్గర ఆగండి. 13 కొమ్మని కాస్త తిప్పలు పడి కోస్తారు, మిగతావన్నీ హాయిగా తెగుతాయి. నేను ఎన్నో ఏళ్ళుగా జపాన్ కంపెనీ సిల్కీ వాళ్ళ గోంబాయ్ 240 వాడుతున్నా. బ్లేడు రెండుసార్లు మార్చాను, పిడి మాత్రం మొదటిదే.

తేలికసంచి
ఒక్క కొమ్మ కోసం ప్రతి ట్రిప్పులోనూ పెద్ద రంపం మోయమంటారా? పెరట్లో ఆ పదమూడుకి ఎవరి దగ్గరైనా విల్లు రంపం (విల్లులాంటి ఫ్రేముకి బ్లేడు బిగించినది) అడిగి తెచ్చుకుంటే ఒక్క పూటలో అయిపోతుంది. సంచిలో మాత్రం ఏడాది పొడుగునా ఉండేది తేలిగ్గా ఉండాలి. నాది పాకెట్‌బాయ్, 170 బ్లేడుది. ఇందులో 130 కూడా దొరుకుతుంది. మడిస్తే ప్యాంటు జేబులో పడుతుంది. మంటకి మణికట్టు లావు కర్ర దాటి కోయాల్సిన పని నాకు ఇంతవరకు రాలేదు. అంతకన్నా లావైతే కొయ్యను కూడా కొయ్యను, చివర మంటలో పెట్టి కాలేకొద్దీ లోపలికి జరుపుతా.

అడవిబాట
@తేలికసంచి దుంగని మంటలోకి జరపడం బాగానే ఉంటుంది గానీ పడుకునేటప్పుడు సగం కాలిన దుంగ మిగిలితే దాన్ని పూర్తిగా ఆర్పడానికి ఎన్ని నీళ్ళు కావాలో ఒకసారి చూడండి. పైకి చల్లారినట్టే ఉంటుంది, తెల్లారి చూస్తే లోపల నిప్పు. నేను అందుకే పొట్టిగా కోసి బూడిదయ్యేదాకా కాల్చేస్తా.

సైజు మాటకొస్తే నా ఓటు బాకో ల్యాప్‌ల్యాండర్‌కి. 190 మిల్లీమీటర్ల బ్లేడు, అంగుళానికి 7 పళ్ళు. మడిచినప్పుడూ తెరిచినప్పుడూ రెండిట్లోనూ లాక్ పడుతుంది. సంచిలో దానంతటది తెరుచుకుని బట్టలు చింపదు.

పెరటిమల్లి
190 అంటే 13 కొమ్మకి మళ్ళీ అదే కథ కదా? పాపం గిరి గారిది ఇప్పటికే ఒకటి వంగింది.

అడవిబాట
నిజమే, పదమూడు గారి దగ్గరికి దాన్ని తీసుకెళ్ళకూడదు 🙂

ముల్లుతుమ్మ
పళ్ళ లెక్కలో ఒక చిక్కుంది. చాలామంది దాన్ని గమనించకుండా పోల్చేస్తుంటారు. జపాన్ రంపాల మీద 30 మిల్లీమీటర్లకి ఇన్ని పళ్ళు అని రాస్తారు. మిగతావాళ్ళు అంగుళానికి ఇన్ని అంటారు. అంగుళం 25.4 మిల్లీమీటర్లు. అంటే 30 మిల్లీమీటర్లకి 10 పళ్ళంటే అంగుళానికి ఎనిమిదిన్నర. ల్యాప్‌ల్యాండర్ ఏడు పళ్ళని 30 మిల్లీమీటర్లలోకి మారిస్తే ఎనిమిది దాటుతుంది. గోంబాయ్ మీడియం 10 కాబట్టి ల్యాప్‌ల్యాండర్ కన్నా కాస్త సన్నం. అంకెలు మాత్రమే చూసి "ఇది 10, అది 7, చాలా తేడా" అనుకుంటే తప్పు.

పచ్చి కొమ్మకి పెద్ద పళ్ళు. పచ్చి పొట్టు తడిగా, పీచుగా ఉంటుంది, పళ్ళ మధ్య చోటు ఎక్కువ కావాలి. ఎండి చేవదేలిన కర్రకి కాస్త సన్నం పళ్ళు. పెద్ద పన్ను గట్టి కర్రలో దిగి పట్టేసుకుంటుంది, ప్రతి లాగుడికీ చెయ్యి అదిరిపోతుంది. గిరి గారికి రెండు రకాల కర్రా ఉంది కాబట్టి మీడియం.

గుడారం_గిరి
ఈ 30 మిల్లీమీటర్ల సంగతి నాకు అస్సలు తెలీదు. రెండు రోజులుగా అంగుళాలనుకునే పోలుస్తున్నా. థాంక్స్ అండి.

నెమ్మదిగా_లాగు
సైజు సంగతి అందరూ చెప్పారు. నేను చెయ్యి సంగతి చెప్తా. ఎందుకంటే 240 కొన్నా అదే చేత్తో కోస్తే అది కూడా వంగుతుంది.

ఈ మడత రంపాలు చాలావరకు లాగేటప్పుడే కోస్తాయి. పంటి మొన పిడి వైపు తిరిగి ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. లాగేటప్పుడు బ్లేడు దారంలాగా బిగుసుకుంటుంది, అందుకే అంత పల్చగా చేయగలుగుతున్నారు. తోసేటప్పుడు ఆ బిగువు ఉండదు. అప్పుడు బలం పెట్టామా, పల్చని రేకు ఎటో ఒక పక్కకి పోవాల్సిందే. మొదటిసారి పట్టుకున్నవాళ్ళంతా మామూలు వడ్రంగి రంపం అలవాటుతో ముందుకి తోస్తారు. అక్కడే వంగుతుంది.

నేను మా తమ్ముడికి ఎలా నేర్పానంటే, పిడిని నాలుగు వేళ్ళతో వదులుగా పట్టుకోమన్నా. లాగేటప్పుడు మోచెయ్యి వెనక్కి పోవాలి, మణికట్టు కదలకూడదు. వెళ్ళేటప్పుడు బ్లేడు దాని బరువుతో అదే జారిపోవాలి, పళ్ళు కర్రకి తగిలీ తగలనట్టు. సరిగ్గా కోస్తుంటే చప్పుడులోనే తెలుస్తుంది: లాగుడికి "ఝర్ర్" అని ఒక పొడుగు శబ్దం, వెళ్ళేటప్పుడు దాదాపు నిశ్శబ్దం. రెండు వైపులా ఒకే చప్పుడు వస్తుంటే తోస్తున్నట్టు. పొట్టు కూడా చూడండి. మీ పాదాల వైపు రాలుతూ, పొడిగా కాకుండా చిన్న చిన్న పీచుల్లా ఉండాలి.

గుడారం_గిరి
చదివి పాత దాంతో ఒక సన్న కొమ్మ మీద చేసి చూశా. నావి రెండు వైపులా ఒకే చప్పుడు. ఇన్నాళ్ళూ తోస్తూనే ఉన్నా.

కొండవాలు
చివరి రెండు సెంటీమీటర్లప్పుడు ఇంకా జాగ్రత్త. కొమ్మ తెగబోతోందని అందరూ వేగం పెంచుతారు. కొమ్మ ఒరుగుతూ బ్లేడుని మెలిపెట్టేది అప్పుడే. నా రంపం కొస విరిగింది అలాగే.

ఉక్కుపిడి
ఇంత చర్చ ఎందుకో నాకు అర్థం కావట్లేదు. గొడ్డలి ఒకటి తీసుకుంటే పోయేది కదా. కోస్తుంది, చీలుస్తుంది, మేకు కొడుతుంది, మొద్దుబారితే రాయి మీద నూరుకోవచ్చు.

అడవిబాట
పెరట్లో నిచ్చెన పక్కన తలెత్తి గొడ్డలి తిప్పమంటారా?

ఉక్కుపిడి
పెరటికి కాదు, క్యాంపుకి.

పాత_వడ్రంగి
గొడ్డలి మీద నాకూ ప్రేమే, కానీ చీకటి పడే వేళ అలసిపోయిన చేతిలో గొడ్డలి కన్నా రంపం నయం. గొడ్డలి గురి తప్పితే మోకాలి కింద ఎముక. రంపం జారితే చర్మం చీరుతుంది, అది కూడా మనం చెయ్యి ఎక్కడ పెట్టామన్న దాన్ని బట్టి. పైగా గొడ్డలితో అడ్డంగా నరికితే ప్రతి దెబ్బకీ పెచ్చులు ఎగురుతాయి, సగం కర్ర పెచ్చుల కిందే పోతుంది. రంపం తినేది రెండు మిల్లీమీటర్ల లోపే. చీల్చడానికి గొడ్డలి, అడ్డంగా కోయడానికి రంపం. రెండూ ఉంటే సుఖం, ఒకటే అంటే నేను రంపమే అంటా.

ముల్లుతుమ్మ
విల్లు రంపం మాట ఎవరూ సరిగ్గా ఎత్తలేదు. అగావా బోరియల్21 అని కెనడా వాళ్ళది ఒకటుంది, మడత పెడితే కర్రముక్కలాగా సన్నగా అయిపోతుంది, తెరిస్తే 21 అంగుళాల బ్లేడు. చలి ప్రాంతాల్లో రాత్రంతా పొయ్యి మండాలంటే మడత రంపంతో చెయ్యి పడిపోతుంది. దీంతో పిక్క లావు దుంగలు వరసగా కోసేయొచ్చు. దీని చిక్కల్లా పెరట్లోనే. గుబురు కొమ్మల మధ్య ఫ్రేము దూరదు, కోయాల్సిన చోటికి బ్లేడు చేరే లోపే పైకమ్మీ పక్క కొమ్మలకి తగులుతుంది.

తేలికసంచి
@ముల్లుతుమ్మ అంత పెద్దదాని కన్నా బిగ్‌బాయ్ 360 చూడలేదా? మడత రంపమే, రెండు చేతులతో పట్టుకోవచ్చు. దాని పైన కటానాబాయ్ 500 కూడా ఉంది. అది మడిచినా మోచేయంత.

పెరటిమల్లి
జేబులో పట్టాలన్నది మీరే కదండీ, మీరే ఇప్పుడు కటానాబాయ్ దాకా వచ్చారు 🙂

ఎడమచేతివాటం
లాక్ బటన్ గురించి చెప్పాలి. ఇది సైజు కన్నా ముఖ్యం అని నా నమ్మకం.

రెండేళ్ళ కిందట ఒక పచ్చి కొమ్మ కోస్తున్నా. మధ్యలో మడిచి, కాసేపాగి మళ్ళీ తెరిచా. "క్లిక్" వినపడలేదు, పట్టించుకోలేదు. నాలుగో లాగుడు తర్వాత బ్లేడు వెళ్తూ వెళ్తూ ఏదో బుడిపెకి తట్టుకుంది, మొత్తం మడత పడి నా వేళ్ళ మెటికల మీద మూసుకుంది. మూడు వేళ్ళకి కుట్లు పడ్డాయి. తర్వాత చూస్తే లాక్ పడే గాడిలో తడి పొట్టు ముద్దగా కూరుకుపోయి ఉంది. బటన్ సగమే లేచింది.

అప్పటినుంచి తెరిచిన ప్రతిసారీ బ్లేడు వీపు మీద అరచెయ్యి పెట్టి మడత వైపు గట్టిగా నొక్కి చూస్తా. కదిలితే వాడను. పని మధ్యలో ఒక పుల్లతో ఆ గాడి గీకేస్తా. కొనేటప్పుడు కూడా ఆ గాడి కంటికి కనిపించేలా ఉందా, పుల్ల దూరుతుందా చూసుకోండి.

నెమ్మదిగా_లాగు
చాలా విలువైన మాట. ఒపినెల్ వాళ్ళ 12 నంబరు రంపానికి పిడి మెడ దగ్గర తిరిగే ఉంగరం ఉంటుంది. తిప్పితే లాక్ పడిందో లేదో కంటికే తెలుస్తుంది. దాని బ్లేడు 12 సెంటీమీటర్లే అనుకోండి, గిరి గారికి పనికిరాదు. పెద్దవాటికి కూడా అలాంటి కనిపించే లాక్ ఉంటే బాగుండేది.

గుడారం_గిరి
@ఎడమచేతివాటం ఇప్పుడు వేళ్ళు బాగున్నాయా?

ఎడమచేతివాటం
బాగున్నాయండి. చలికాలం మాత్రం ఒక వేలు కాస్త బిగుసుకుంటుంది. ఇంకో మాట, రెండో చేతికి గ్లవ్ తప్పనిసరి. కోసే చేతికి లేకపోయినా ఫర్వాలేదు, కొమ్మని పట్టుకునే చేతికి ఉండాలి. మొదటి రెండు లాగుళ్ళప్పుడు బ్లేడు గంతేస్తుంది, అది గంతేసేది పట్టుకున్న చేతి బొటనవేలి మీదికే. పిడికి దగ్గరున్న పళ్ళతో నెమ్మదిగా ఒక గాడి పడేదాకా లాగి, తర్వాతే పూర్తి పొడవు వాడాలి.

పెరటిమల్లి
రంపం గురించి ఇంత మాట్లాడారు, చెట్టు గురించి ఎవరూ మాట్లాడలేదు. గిరి గారూ, ఆ 13 కొమ్మని పైనుంచి ఒకటే కోతగా కోసేయకండి దయచేసి. సగం తెగేసరికి బరువుకి కొమ్మ విరిగి, కింద బెరడుని పొడుగ్గా కాండం మీదికి చీల్చుకుంటూ పడిపోతుంది. ఆ గాయం మానడానికి ఏళ్ళు పడుతుంది, ఒక్కోసారి మానదు.

మూడు కోతలు వేయాలి. కాండం నుంచి ఓ 30 సెంటీమీటర్లు దూరంలో ముందు కింది నుంచి పైకి, మూడో వంతు దాకా. రెండోది దానికి రెండు మూడు సెంటీమీటర్లు బయటికి, పైనుంచి కిందికి. కొమ్మ అక్కడే విరిగి పడిపోతుంది, చీలిక మొదటి కోత దగ్గర ఆగిపోతుంది. ఇక మిగిలింది బరువు లేని మొండి. దాన్ని మూడో కోతతో తీయాలి.

మూడో కోత ఎక్కడన్నదే అసలు విషయం. కొమ్మ కాండంలో కలిసే చోట ముడతలు పడి ఉబ్బెత్తుగా ఒక పట్టె కనిపిస్తుంది, చొక్కా కాలర్‌లాగా. దాన్ని తాకకుండా, దానికి ఇవతలే కోయాలి. గాయాన్ని మూసే కణజాలం పుట్టేది అక్కడే. కాండానికి సమంగా నున్నగా కోస్తే చూడ్డానికి బాగుంటుంది గానీ ఆ కాలర్ పోతుంది, కుళ్ళు కాండంలోకి దిగుతుంది.

ఉక్కుపిడి
మా నాన్న ఎప్పుడూ కాండానికి సమంగానే కోసేవాడు, కోసిన చోట తారు పూసేవాడు. చెట్లు బాగానే ఉన్నాయే.

పెరటిమల్లి
ఆ రోజుల్లో అందరూ అలాగే చేసేవారండి, పుస్తకాల్లోనూ అలాగే ఉండేది. అలెక్స్ షైగో అని అమెరికా అటవీ శాఖలో పనిచేసిన శాస్త్రవేత్త ఒకాయన. వేల చెట్లని నిలువునా చీల్చి గాయాల వెనకాల లోపల ఏం జరుగుతోందో చూశాడు. చెట్టు గాయాన్ని మనలాగా మాన్పుకోదు, దాని చుట్టూ గోడలు కట్టి కుళ్ళుని లోపలే బంధిస్తుంది అని 1970లలో ఆయన వివరించాక పద్ధతి మారింది. తారు, పెయింటు పూస్తే తేమ లోపలే ఉండిపోతుంది, చెట్టుకి దాంతో లాభం లేదు. ఓక్ విల్ట్ అనే తెగులున్న చోట్ల ఓక్ చెట్లకి మాత్రం గాయం మీద వెంటనే పెయింటు వేయమంటారు, తెగులు మోసే పురుగులు వాలకుండా. అది వేరే కారణం.

ఉక్కుపిడి
సరేనండి, ఒప్పుకున్నా. ఈసారి ఒక చెట్టు మీరు చెప్పినట్టు చేసి చూస్తా.

కొండవాలు
మూడో కోత కాలర్ పక్కన వేయాలంటే వంపు బ్లేడు కన్నా తిన్నటిది నాకు సులువు. గిరి గారు అడిగారు కదా, తిన్నటిదా వంపుదా అని. తల పైకెత్తి కోసేటప్పుడు వంపు బ్లేడు దానంతటదే కొమ్మలోకి దిగుతుంది, మనం నొక్కక్కర్లేదు. నడుము ఎత్తులో కోసేటప్పుడు, దుంగలో గాడి చెక్కాల్సినప్పుడు తిన్నటిదే మేలు. రెండు పనులకీ ఒకటే అన్నారు కాబట్టి తిన్నటిది.

పాత_వడ్రంగి
గోంబాయ్‌కి పిడి దగ్గర రెండు కోణాల్లో లాక్ పడుతుంది. రెండోది బ్లేడుని వెనక్కి కొంచెం ఎత్తి పెడుతుంది, నేలకి దగ్గరగా మొండి కోసేటప్పుడు వేళ్ళు మట్టికి తగలవు. చాలామంది దాన్ని ఎప్పుడూ వాడరు. పెరట్లో మాత్రం అదే దాని గొప్ప.

తేలికసంచి
రంపం పట్టేయడం గురించి కూడా ఎవరైనా చెప్పండి. పోయినసారి పడిపోయిన చెట్టులో ఇరుక్కుపోయి అరగంట పట్టింది తీయడానికి.

నెమ్మదిగా_లాగు
దుంగ ఎక్కడ ఆనుకుందో ముందు చూడాలి. రెండు చివర్లూ ఆనుకుని మధ్యలో గాలిలో ఉంటే, బరువుకి మధ్య కుంగుతుంది. పై వైపు నొక్కుకుంటుంది, కింది వైపు సాగుతుంది. పైనుంచి కోస్తే గాడి మూసుకుని బ్లేడుని పట్టేస్తుంది. అలాంటప్పుడు పైనుంచి మూడో వంతు దాకా, ఇంకా పట్టకముందే ఆపి, మిగతాది కింది నుంచి. ఒక చివర మాత్రమే ఆనుకుని రెండోది వేలాడుతుంటే తిరగేసి: కింద మూడో వంతు, తర్వాత పైనుంచి. గోడ మీది కొమ్మకి మల్లి గారు చెప్పిందీ ఈ రెండో పద్ధతే.

అప్పటికీ పట్టేస్తే లాగకండి. గాడిలో ఒక పుల్ల చెక్కి మేకులా దూర్చండి, గాడి వెడల్పవుతుంది, బ్లేడు దానంతటదే వదులవుతుంది. వంచబడిన చిన్న చెట్టు మాత్రం జోలికి పోకండి. అది తెగగానే విల్లులా ఎగిరి మొహానికి కొడుతుంది.

గుడారం_గిరి
రెండు ప్రశ్నలు మిగిలాయి. పదును పోతే ఎలా, బంక అంటుకుంటే ఎలా?

ముల్లుతుమ్మ
పంటి కొసలు నీలంగానో నల్లగానో కనిపిస్తున్నాయా? అయితే అవి కరెంటుతో వేడిచేసి గట్టిపరిచిన పళ్ళు. ఆకురాయి పెడితే జారిపోతుంది తప్ప అరగదు. చాలా రోజులు పదును నిలుస్తుంది, పోయాక బ్లేడు మార్చుకోవడమే. అందుకే విడి బ్లేడు దొరికే రంపమే కొనమంటా. కొనే ముందే ఆ బ్లేడు దొరుకుతోందో లేదో చూసుకోండి. ఈ గట్టి పళ్ళు మేకు తగిలితే మాత్రం పుటుక్కున విరుగుతాయి. పాత చెక్కలు, కంచె గుంజలు కోసేటప్పుడు చూసుకోండి.

పెరటిమల్లి
బంకకి నేను టర్పెంటైన్ వాడతా, పాత టూత్‌బ్రష్‌తో. పని అయిన రోజే చేస్తే రెండు నిమిషాలు, వారం ఆగితే గీకాల్సి వస్తుంది. తర్వాత పొడిగా తుడిచి పల్చగా నూనె. తెగులు పట్టిన చెట్టు కోస్తే తర్వాతి చెట్టు దగ్గరికి వెళ్ళే ముందు 70 శాతం ఆల్కహాల్‌తో తుడవాలి. బ్లీచింగ్ నీళ్ళు వద్దు, బ్లేడుకి తుప్పు పడుతుంది. తడి రంపాన్ని మడిచి సంచిలో పడేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు.

గుడారం_గిరి
(మూడు వారాల తర్వాత)

గోంబాయ్ 240, మీడియం పళ్ళు తీసుకున్నా. ముందు వారమంతా చిన్న కొమ్మల మీద చెయ్యి అలవాటు చేసుకున్నా, చప్పుడు వింటూ. మొదట్లో మరిచిపోయి తోసేవాణ్ణి, ఇప్పుడు వేళ్ళు వాటంతటవే వదులవుతున్నాయి.

నిన్న పొద్దున పదమూడు దగ్గరికి వెళ్ళా. ముందు నేల మీద నిలబడి చూశా, కాలర్ ఎక్కడుందో. బెరడులో నాలుగైదు మడతలు, కింది వైపు కాస్త ఉబ్బెత్తు. ఇన్నేళ్ళుగా ఆ చెట్టు చూస్తున్నా, అది ఎప్పుడూ కంట పడలేదు. సుద్దతో గీత పెట్టా. కింది కోత 4 సెంటీమీటర్లు దిగాక గాడి కొంచెం మూసుకోవడం చేతికి తెలిసింది, అక్కడే ఆపా. పై కోత సగం దాటాక కొమ్మ "కిర్ర్" అంది, రంపం బయటికి తీసి పక్కకి జరిగా, ఇంకో రెండు లాగుళ్ళకి మొత్తం నిలువుగా కింద పడింది. బెరడు ఒక్క గీత కూడా చీలలేదు. మొండి తీయడానికి ఎంత లేదన్నా పది నిమిషాలు పట్టింది. 240 కాస్త తక్కువే దానికి, వడ్రంగి గారు చెప్పినట్టే. ప్రతి పది లాగుళ్ళకి బయటికి తీసి పొట్టు దులుపుకున్నా. బ్లేడు తిన్నగానే ఉంది.

లాక్ ప్రతిసారీ అరచేత్తో నొక్కి చూశా. మధ్యలో ఒకసారి గాడి నిండా పొట్టు, పుల్లతో తీశా. @ఎడమచేతివాటం, మీకు ప్రత్యేకంగా థాంక్స్.

ఎడమచేతివాటం
చాలా సంతోషంగా ఉందండి.

పెరటిమల్లి
కోసిన చోట ఫోటో తీసి పెట్టుకోండి. వచ్చే ఏడాది ఇదే రోజున మళ్ళీ తీస్తే అంచు చుట్టూ ఉంగరంలాగా కొత్త బెరడు కనిపిస్తుంది. కోత సరిగ్గా పడితే ఆ ఉంగరం చుట్టూ సమంగా వస్తుంది.

వెదురుపొద
మధ్యలో దూరుతున్నా. వెదురు కోయాలంటే కూడా ఇదే మీడియం పనికొస్తుందా?

ముల్లుతుమ్మ
తెగుతుంది గానీ చివర్లో పీచు లేస్తుంది. వెదురుకి గోడ పల్చన, పెద్ద పన్ను ఆ గోడని పట్టుకుని చీరేస్తుంది. సన్న పళ్ళ బ్లేడు తీసుకోండి. గొట్టాన్ని తిప్పుకుంటూ చుట్టూ గీత పడేలా కోసి, తర్వాత లోపలికి దించండి. కణుపుకి కాస్త పైన కోస్తే నీళ్ళు నిలవవు.

పాత_వడ్రంగి
గిరి గారూ, ఆ వంగిన పాత బ్లేడు పారేశారా?

గుడారం_గిరి
లేదండి, షెడ్డులో ఉంది. ఎందుకు?

పాత_వడ్రంగి
పళ్ళు ఉన్న అంచు తీసేసి, మడత పడని వైపు నుంచి అరచేతిలో పట్టేంత ముక్క కోయండి. పళ్ళే గట్టిపరిచినవి, వెనక రేకుని ఆకురాయి అరగదీస్తుంది. అంచు తిన్నగా రాసి, ఒక గుండ్రటి ఉక్కు కడ్డీతో గట్టిగా రుద్దితే సన్నటి కొక్కెం లేస్తుంది. దాంతో చెక్క మీద గీకితే ఉల్లిపొరలాంటి చెక్కపొర వస్తుంది. గొడ్డలి పిడి నున్నగా చేసుకోవడానికి అంతకన్నా మంచిది లేదు.

ఉక్కుపిడి
నా గొడ్డలి పిడికి ఒకటి కావాలి. గిరి గారూ, రెండు ముక్కలొస్తాయా?

గుడారం_గిరి
180 బ్లేడు, మడత పోను రెండొస్తాయి. ఒకటి మీదే.